ఎరువిచ్చిన పచ్చరాయి

మా కోనసీమ నేలలో రాయి దొరకదు. గునపం దింపితే ఒండ్రు, ఇంకా దింపితే ఇసక, ఆ కింద నీళ్లు. ఇంటి పునాదికి రాయి కావాలన్నా, రుబ్బురోలు కావాలన్నా గోదావరి దాటించి తెచ్చుకోవలసిందే. చిన్నప్పుడు మాకు మామిడికాయలు కొట్టడానికి కూడా రాళ్లుండేవి కావు, మట్టిబెడ్డలతో కొట్టేవాళ్లం. అలాంటి చోట పుట్టినవాళ్లకు రాళ్ల గురించి ఏం తెలుస్తుంది చెప్పండి. తెలియకపోతే తెలియదని ఊరుకోవచ్చు. మావాళ్లు ఊరుకోరు. కెంపు గురించీ, నీలం గురించీ, పుష్యరాగం గురించీ మావాళ్లలో ప్రతి ఒక్కరికీ గట్టి అభిప్రాయం ఉంటుంది. ఆ అభిప్రాయాలే మా ఇంట్లో ఒక మంచి రాయి పరువు తీశాయి, ఒక మంచి మనిషి పరువు కూడా తీశాయి. ఇన్నేళ్లయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ రాయి పచ్చ. బొబ్బరగింజంత ఉండేది. చుట్టూ బంగారం కట్టు, పైన చిన్న కొక్కెం. గొలుసులోకి ఎక్కిస్తే పతకం. మా అమ్మకు వాళ్లమ్మ ఇచ్చింది. వాళ్లమ్మకు ఎవరిచ్చారన్నది మాత్రం ఒక్కో పేరంటంలో ఒక్కో విధంగా చెప్పుకునేవారు. ఒకసారి రంగూన్ నుంచి వచ్చిందంటారు, ఇంకోసారి ఎవరో జమీందారుగారింటి సొమ్మంటారు. నాకు తెలిసింది ఒకటే. పొద్దుటి ఎండ వసారాలోకి వచ్చే వేళ అమ్మ దాన్ని పైకెత్తి పట్టుకుంటే ఆకుమడి మీద ఎండ పడినట్టు ఉండేది. అమ్మ దాన్ని కడిగేది కాదు. మెత్తటి పాత నేతగుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టేది. ఎందుకు కడగవని అడిగితే, "మా అమ్మ కడగొద్దంది" అనేది. ఎందుకు వద్దందో అమ్మ వాళ్లమ్మను అడగలేదు. మా ఇళ్లలో అడగడం అంటే ఎదురు చెప్పడం కిందే లెక్క.

దానికి పరీక్షలు మాత్రం చాలా జరిగాయి. జాతి పచ్చను పాలలో వేస్తే పాలు ఆకుపచ్చగా కనబడతాయని మావాళ్ల నమ్మకం. ఒకసారి చుట్టాలు వచ్చినప్పుడు గాజు గ్లాసులో పాలు పోసి పతకాన్ని అందులోకి దించారు. అందరూ వంగి చూసి, అబ్బో ఎంత పచ్చగా ఉన్నాయో అన్నారు. నేనూ వంగి చూశాను. పాలు పాల రంగులోనే ఉన్నాయి. ఆ మాట అన్నందుకు నన్ను అవతలికి పొమ్మన్నారు. నాకప్పుడు పదేళ్లు కూడా లేవు, కానీ ఈ ఇంట్లో కళ్లతో చూసిందానికి విలువ లేదని ఆ రోజే అర్థమైంది.

ఇక మా మేనత్త గురించి చెప్పాలి. మా నాన్నగారి అక్క. మురమళ్ళ దగ్గర పల్లెటూళ్లో ఉండేది. మాది ఐనవిల్లి వైపు. అమలాపురంలో బస్సు మారి రావాలి. అమ్మ పెళ్లయి కాపురానికి వచ్చేటప్పటికి అత్తయ్య పురిటికి పుట్టింట్లోనే ఉందట. అమ్మకు వంట రాదు, వయసూ లేదు. అన్నం మాడ్చేస్తే ఆ గిన్నె అత్తయ్యే గుట్టుగా తోమేసి, మా నాయనమ్మకు తెలియనివ్వలేదట. పురిటి మంచం మీద కూర్చునే అమ్మకు జడ వేసేదట. ఆ రోజుల నుంచీ వాళ్లిద్దరూ ఆడబడుచూ మరదళ్లలా కాక ఒక కంచంలో తిన్నవాళ్లలా ఉండేవారు. పనసకాయ కోస్తే సగం ఇటు వచ్చేది. అమ్మ ఆవకాయ పెడితే మొదటి జాడీ బస్సెక్కి అటు వెళ్లేది. అమ్మ మామూలుగా నవ్వు పెదవుల మీదే ఆపేసే మనిషి. అత్తయ్య వస్తే మాత్రం వంటింట్లోంచి ఆవిడ నవ్వు వీధిలోకి వినబడేది. నాన్నగారు పడక్కుర్చీలో పేపరు దించి, "మా అక్క వచ్చిందన్నమాట" అనుకునేవారు.

డెబ్బైల చివర్లో ఒక వేసవిలో అత్తయ్య కూతురి పెళ్లి కుదిరింది. మావైపు పెళ్లికూతురికి నగలు ఎరువు అడగడం తప్పు కాదు. నాలుగిళ్ల సొమ్ము ఒక మెడలో వేసి పీటల మీద కూర్చోబెడతారు, పెళ్లయ్యాక ఎవరివి వాళ్లకు ఇచ్చేస్తారు. అత్తయ్య అడగలేదు. అమ్మే పతకం తీసుకెళ్లి చేతిలో పెట్టింది. అంతకుముందు అది ఎవరింటికీ ఎరువు వెళ్లలేదు.

"ఇదెందుకే అమ్మాయ్, ఇంత ఖరీదైంది" అంది అత్తయ్య.

"మీ అమ్మాయి మెడలో పడితే దానికే అందమండి వదినగారూ" అంది అమ్మ.

పడింది. నిజంగానే అందంగా ఉంది. పీటల మీద ఉన్న పెళ్లికూతురి ముఖం చూడవలసినవాళ్లు కూడా మెడ వైపే చూశారు.

ఎరువు సొమ్ముకు మాలో రెండు మర్యాదలున్నాయి. ఒకటి, ఒంటి చెమటతో తిరిగి ఇవ్వకూడదు. వేడివేడి కుంకుడురసంలో నానబెట్టి, బ్రష్షుతో తోమి, తళతళలాడేలా చేసి, తమలపాకులో కుంకుమతో పెట్టి ఇవ్వాలి. రెండోది, తిరిగొచ్చిన సొమ్మును తెచ్చినవాళ్ల ఎదురుగా విప్పి చూడకూడదు. చూస్తే అనుమానించినట్టు. మర్యాదలో మా అత్తయ్యకు సాటి వచ్చే మనిషి ఆ చుట్టుపక్కల లేదు. పెళ్లి హడావుడి అయిన మర్నాడే, ఇంట్లో ఇంకా పందిరి విప్పకముందే, కట్టెల పొయ్యి మీద కుంకుడుకాయలు మరగబెట్టి, అందరి సొమ్ములూ తన చేతులతో తనే కడిగిందట. దగ్గరవాళ్ల సొమ్ము కదా అని మా అమ్మ పతకాన్ని ఇంకొంచెం ఎక్కువసేపు ఉంచిందట.

దాన్ని కడగవద్దని అమ్మ ముందే ఒక మాట చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదని నేను తర్వాత ఎన్నిసార్లు అడిగానో. "ఎలా చెబుతామే? కడక్కండి అంటే, మీరు కడిగితే శుభ్రంగా ఉండదన్నట్టు కాదూ" అనేది. ఇద్దరిలో ఒక్కరికి కాస్త మర్యాద తక్కువై ఉంటే ఈ కథ లేదు.

అత్తయ్య పతకాన్ని కొత్త రవికెల గుడ్డలో చుట్టి, అరటిపళ్లూ పసుపుకుంకాలతో స్వయంగా తెచ్చి ఇచ్చింది. "అంత తొందరేమొచ్చిందండీ" అని అమ్మ ఆ చుట్ట అలాగే బీరువాలో పెట్టేసింది. ఇద్దరూ కాఫీలు తాగారు. పెళ్లివారి గురించి చెప్పుకుని నవ్వుకున్నారు. ఆ వంటింట్లో ఆ నవ్వు మళ్లీ చాలా ఏళ్ల దాకా వినబడలేదు.

శ్రావణమాసంలో ఎవరింటికో పేరంటానికి వెళ్తూ అమ్మ ఆ గుడ్డ విప్పింది. నేను అప్పుడు అమలాపురం కాలేజీలో చదువుతున్నాను, ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను. పతకం అదే, కొక్కెం అదే, కట్టు అదే. మధ్యలో రాయి మాత్రం నాచు పట్టిన సీసాపెంకులా ఉంది. లోపలంతా తెల్లటి గీతలు. ఆకుమడి రంగు లేదు.

"రాయి మారిపోయింది" అంది అమ్మ.

మా ఊరి కంసాలి ఆచారిగారిని పిలిపించారు. అంతకు ముందు ఆ కట్టు బిగించింది ఆయనే. ఆయన దాన్ని ఎండకు పెట్టి, గోటితో గీకి, నాలిక్కి ఆనించుకుని, తల అడ్డంగా ఊపారు.

"ఇది ఆ రాయి కాదండి. జాతి పచ్చ అద్దంలా ఉండాలండి. లోపల ఇన్ని గీతలుంటే అది జాతిరాయి ఎలా అవుద్దండి."

"మరి కట్టు విప్పినట్టు కనబడుతోందా" అని నేను అడిగాను.

"కనబడట్లేదండి. కనబడకుండా విప్పి బిగించే పనివాళ్లు మురమళ్ళ వైపు ఉన్నారండి" అన్నారు ఆచారిగారు, తమ వృత్తి గొప్పతనానికి కాస్త పొంగిపోతూ.

నాకు తల బాదుకోవాలనిపించింది. ఆనవాలు ఉంటే దొంగతనం. లేకపోతే ఇంకా మంచి పనివాడు చేసిన దొంగతనం. మళ్లీ పాలు తెచ్చారు. మళ్లీ అందరూ వంగి చూశారు. ఈసారి పాలు తెల్లగా ఉన్నాయని అందరూ ఒప్పుకున్నారు.

నాన్నగారు మాత్రం, "మా అక్క అలాంటి మనిషి కాదు" అన్నారు, గోడకు చెబుతున్నట్టు.

"నేనేమీ అనలేదండి" అంది అమ్మ. నిజమే, ఏమీ అనలేదు. అదే నా బాధ. ఏదైనా అంటే సమాధానం చెప్పవచ్చు. మావైపు గొడవలు ఇలాగే ఉంటాయి. ఒక్క కేక వినబడదు, ఒక్క తిట్టు ఉండదు. పనసకాయ సగం రావడం మానేస్తుంది, ఆవకాయ జాడీ వెళ్లడం మానేస్తుంది, అంతే. వీధిలో నిలబడి జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్లే నయమనిపిస్తుంది నాకు. సాయంత్రానికి తేలిపోతుంది వాళ్లది.

పేరంటాళ్ల నోళ్లలో పడి ఆ మాట అత్తయ్య దాకా వెళ్లింది. నాన్నగారు ఆవిణ్ణి చూడ్డానికి వెళ్లినప్పుడు, "అమ్మాయి అలా అనుకుంటోందా?" అని ఒక్కటే అడిగిందట. నాన్నగారు చెప్పులు వెతుక్కున్నారట. ఆ తర్వాత ఆవిడ మా ఇంటికి రావడం మానేసింది. ఎవరైనా అటునుంచి వస్తే, అమ్మను అడిగానని చెప్పమనేది. అమ్మ కూడా, అడిగానని చెప్పమనేది. అలా ఒకరినొకరు అడుగుతూనే ఉన్నారు, ఏళ్ల తరబడి.

నా పెళ్లికి అత్తయ్య వచ్చింది. రాకపోతే మర్యాద కాదు కదా. అమ్మ బొట్టు పెట్టింది, చీర పెట్టింది, విస్తరి దగ్గర నిలబడి వడ్డించింది. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. తాళి కట్టాక అక్షింతలు వేయడానికి వచ్చి అత్తయ్య నా మెడ వైపు చూసి చప్పున చూపు తిప్పుకుంది. అమ్మ నాకు ఆ పతకం వేయలేదు. గాజుపెంకు పిల్ల మెడలో ఎందుకని బీరువాలోనే ఉంచేసింది. ఆ క్షణంలో నాకు పెళ్లి మీద కూడా విసుగొచ్చింది. వాళ్లిద్దర్నీ ఒక గదిలో పెట్టి తాళం వేయాలనిపించింది. నాకు కావలసింది ఆ రాయి కాదు. వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకోవాలి, అమ్మ మళ్లీ వీధిలోకి వినబడేలా నవ్వాలి, అంతే.

పెళ్లయ్యాక నేను రాజమండ్రి వచ్చాను. అక్కడ ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. మా వీధి చివర రంగురాళ్లు అమ్మే ఒక పెద్దాయన కొట్టు ఉండేది. పదివేళ్లకీ ఉంగరాలుండేవి ఆయనకు. గ్రహాలకు తగ్గ రాళ్లు అమ్మేవాడు, అమ్ముతూ కొనేవాళ్లను చూసి నవ్వుకునేవాడు. నాకు ఆయన మీద ఏమాత్రం గౌరవం లేదు. కానీ జైపూరు వెళ్లి రాళ్లు తెచ్చేవాడని పేరుంది. గొలుసు మార్పిస్తానని చెప్పి అమ్మ దగ్గర ఆ పతకం తీసుకున్నాను. గాజే కదా అని అమ్మ ఇచ్చేసింది.

ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఎవరో మహాతల్లి దీన్ని ఉడకబెట్టిందమ్మా" అన్నాడు.

నేను స్టూలు ముందుకు లాక్కున్నాను. "గాజు కాదా అండీ?"

"గాజా? గాజైతే ఇన్ని గీతలెందుకుంటాయి? గాజు అద్దంలా ఉంటుంది. జాతి పచ్చకి ఈ గీతలు పుట్టుమచ్చలమ్మా. అవి లేని పచ్చ తెచ్చి అమ్మితే నేనే అనుమానిస్తాను."

తర్వాత ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. నేను అడగనివి కూడా చెప్పాడు, మధ్యమధ్య తన జైపూరు ప్రయాణాల గొప్పలు కలుపుతూ. విసుగ్గానే విన్నాను, కానీ విన్నది మరచిపోలేదు. పచ్చ తయారవడానికి బెరీలియం అనే లోహం కావాలట. దానికి ఆ రంగు రావడానికి క్రోమియం కావాలట. కెంపుకు ఎరుపునిచ్చేదీ ఆ క్రోమియమేనట. ఈ రెండూ భూమిలో ఒకచోట ఉండేవి కావు. వేరువేరు రకాల రాళ్లలో వేరువేరు లోతుల్లో ఉంటాయి. ఎక్కడో కొండలు ఒకదాన్నొకటి నెట్టుకున్న చోట ఎప్పుడో కలుస్తాయి. అందుకే పచ్చ అరుదు. అంత తోపులాటలో పుట్టింది కాబట్టే ఒళ్లంతా పగుళ్లు. అందులోనూ పెద్దదిగా, రంగు తేలిపోకుండా, కాంతి లోపలికి వెళ్లి బయటికి వచ్చేలా ఉండేది గంపెడు రాళ్లు ఏరినా ఒకటి దొరకదట. ఇందులోంచి సంసారాల గురించి ఎవరైనా నీతి తీయాలనుకుంటే తీసుకోవచ్చు. నాకు ఓపిక లేదు.

"గనిలోంచి తీసినప్పటి నుంచీ పచ్చను నూనెలో నానబెడతారమ్మా. ఆ నూనె గీతల్లోకి దిగుతుంది. అప్పుడు గీతలు కనబడవు, రంగు నిలబడుతుంది. వేడి రసంలో వేసి తోమితే ఆ నూనె కాస్తా పోద్ది. కెంపుని తోముకోండి, ఏం కాదు. పచ్చని తోమకూడదు."

మళ్లీ మామూలుగా అవుతుందా అని అడిగాను. దేవదారు నూనెలో కొన్నాళ్లు వెచ్చగా ఉంచుతానన్నాడు. మళ్లీ వెళ్లేసరికి నా చేతిలో పెట్టాడు. గీతలు పూర్తిగా పోలేదు కానీ, వెతికితే తప్ప కనబడవు. వీధిలో ఎండకు పైకెత్తి చూశాను. ఆకుమడి. నాకు నడిరోడ్డు మీద ఏడుపొచ్చింది. ఇన్నేళ్ల పీడ విరగడైపోయిందనుకున్నాను. అంత తెలివితక్కువగా ఇంకెప్పుడూ అనుకోలేదు.

ఆదివారం బస్సెక్కి ఇంటికి వెళ్లాను. అమ్మ వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. పతకం చేతిలో పెట్టాను. చేతులు కొంగుకు తుడుచుకుని తీసుకుంది. ఎండకు ఎత్తింది. చాలాసేపు అలాగే చూసింది.

"ఇదే" అంది. "ఇదే మా అమ్మ రాయి."

కళ్లనీళ్లు తుడుచుకుని, నా వైపు తిరిగి, మెల్లగా అడిగింది. "వదినగారు నీకెప్పుడిచ్చేరే?"

నాకు ముందు ఆ ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యాక చెప్పడం మొదలుపెట్టాను. నూనె గురించి చెప్పాను. గీతల గురించి చెప్పాను. కుంకుడురసం, బ్రష్షు, బెరీలియం, అన్నీ చెప్పాను. నేను ఎంత గట్టిగా చెబితే అమ్మ ముఖంలో జాలి అంత ఎక్కువైంది. ఎవరినో కాపాడుతున్న మంచి పిల్లను చూసినట్టు చూసింది నన్ను.

"నూనె రాస్తే గాజు పచ్చైపోద్దటే? పోన్లే. ఆవిడ పరువు కాపాడాలని నువ్వు అలా చెబుతున్నావు. నాకు తెలీదా. నేనెవరితోనూ అనను."

నాన్నగారి వైపు చూశాను. ఆయన ముఖం తేటపడింది. "వచ్చింది కదమ్మా, ఇంకెందుకు అవన్నీ" అన్నారు. వాళ్లక్క దొంగ కాదని అన్నేళ్లు గోడకు చెప్పిన మనిషి, అది తిరిగి ఇచ్చిన దొంగతనం అనగానే ఊపిరి పీల్చుకున్నారు. ఆచారిగారు కూడా వచ్చి చూశారు. "అసలు రాయి ఇదేనండి. నేను అప్పుడే చెప్పేనుగదండి" అన్నారు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. "సరే, ఇప్పుడే పొయ్యి మీద కుంకుడురసం మరగబెడతాను. మీ కళ్లముందే వేసి తోముతాను. ఆ గాజుపెంకు మళ్లీ కనబడుతుందో లేదో చూడండి" అన్నాను.

అమ్మ పతకాన్ని రెండు చేతులతో గుండెకు హత్తుకుంది. "దొరక్క దొరక్క దొరికితే ఉడకబెడతావటే? నీకేమైనా పిచ్చా?"

నా దగ్గరున్న రుజువు అదొక్కటే. అది చూపించాలంటే రాయిని పాడుచేయాలి. పాడుచేయకపోతే నమ్మరు. ఆ సాయంత్రం నేను అన్నం తినలేదు. ఎవరి మీద అలిగానో నాకే తెలియదు.

అమ్మకు మాత్రం మనసు తేలికైపోయింది. పొరపాటు చేసిన ఆడబడుచును క్షమించడమంత గొప్ప పని ఇంకోటి లేదన్నట్టు, వారం తిరక్కుండా ప్రయాణం కట్టింది. చీర కొంది, పూతరేకులు కట్టించింది, ఆ పతకం మెడలో వేసుకుంది. వద్దని నేను బతిమాలాను, కసిరాను. వినలేదు. ఆఫీసుకు సెలవు పెట్టి వెంట వెళ్లాను. అక్కడ అమ్మ ఆ మాట అనకముందే అత్తయ్యకు నిజం చెప్పెయ్యాలని నా ఉద్దేశం. అమలాపురంలో బస్సు మారేటప్పుడు కూడా ఆ మాటలే మనసులో కూర్చుకుంటున్నాను.

మేం వెళ్లేసరికి అత్తయ్య పెరట్లో కొబ్బరాకుల ఈనెలు తీస్తోంది. జుట్టు నెరిసింది. అమ్మను చూసి కత్తి కింద పెట్టి లేచింది. లేవడానికి గోడ పట్టుకుంది.

"రా అమ్మాయ్" అంది. "ఎండన పడి వచ్చేవు."

మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ గ్లాసు పక్కన పెట్టి ఆవిడ చేయి పట్టుకుంది.

"వదినగారండీ, జరిగిందేదో జరిగింది. రాయి నాకు చేరింది. నేనేమీ మనసులో పెట్టుకోలేదండి. మీరూ పెట్టుకోకండి."

అత్తయ్య అమ్మ మెడలోకి చూసింది. పతకాన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆవిడకు ఏమీ అర్థం కాలేదని నాకు తెలుసు. ఆ రాయి ఎక్కడ్నుంచి వచ్చిందో, తను ఏం తీసిందని అంటున్నారో, ఎప్పుడు తిరిగి ఇచ్చిందని అంటున్నారో, ఏదీ ఆవిడకు తెలియదు. నేను, "అత్తయ్యా, అసలు సంగతేంటంటే" అన్నాను.

"నువ్వుండమ్మా" అంది నాతో. కసురుకోలేదు, చిన్నగానే అంది. మళ్లీ అమ్మ వైపు తిరిగింది. తన చేతిని పట్టుకున్న అమ్మ చేతిని చూసుకుంది.

"ఆయ్" అంది. "తప్పైపోయిందే అమ్మాయ్."

అమ్మ ఆవిణ్ణి కౌగలించుకుని భోరుమంది. అత్తయ్య అమ్మ వీపు నిమురుతూ నిలబడింది. నేను పెరట్లోకి వెళ్లిపోయాను. అక్కడ నా కాలికి అడ్డొచ్చిన కొబ్బరిబొండాన్ని తన్నాను. అది కదల్లేదు, నా వేలు వాచింది.

కాఫీ గింజలు వేయించడానికి అత్తయ్య పెరటి పొయ్యి దగ్గరకు వచ్చినప్పుడు నేను మొత్తం చెప్పేశాను. నూనె, గీతలు, కుంకుడురసం. ఆవిడ మూకుట్లో గింజలు కదుపుతూ అంతా విన్నది. ఆవిడ ఒక్కతే విన్నది నిజానికి.

"అయితే నేనే పాడుచేసేనన్నమాట" అంది.

"తెలియక కడిగావు అత్తయ్యా. కడగడం వేరు, దొంగతనం వేరు. చేయని దొంగతనం ఎందుకు ఒప్పుకున్నావు? పద, ఇద్దరం వెళ్లి చెబుదాం."

"నువ్వు చెప్పి చూసేవు కదా. నమ్మిందా?"

నేను పొయ్యిలోకి పుల్ల ఎగదోశాను.

"నేను చెబితే ఏమౌద్ది? మళ్లీ వెళ్లిపోద్ది. ఇంక నాకు ఎన్నేళ్లున్నాయని." మూకుడు దించింది. "నా మీద ఒట్టు, నువ్వు మళ్లీ ఈ మాట ఎత్తకు. నాకు మీ అమ్మ కావాలమ్మా."

లోపల్నుంచి అమ్మ, "వదినగారూ, ఈ జాడీ మనింట్లోదేనాండీ" అని పిలిచింది. అత్తయ్య కొంగుతో ముఖం తుడుచుకుని, "వస్తన్నానే" అంటూ గబగబా వెళ్లిపోయింది. కాసేపటికి వంటింట్లోంచి అమ్మ నవ్వు వినబడింది. పెరటి గోడ దాటి వీధిలోకి వినబడేంత నవ్వు. నేను కోరుకున్నది అదే. అదే వినబడుతుంటే నాకు పళ్లు నూరాలనిపించింది.

పనసకాయ సగం మళ్లీ రావడం మొదలైంది. ఆవకాయ జాడీ మళ్లీ బస్సెక్కింది. అమ్మ ఎవరితోనూ అననంది కానీ, తను ఎంత పెద్ద మనసుతో క్షమించిందో చెప్పుకోకుండా ఉండలేకపోయింది. చెప్పినప్పుడల్లా నేను లేచి అవతలికి వెళ్లిపోయేదాన్ని. ఒట్టు వేయించుకున్న మనిషి బతికి ఉండగా నేను ఏం చేయను?

ఎనభైల చివర్లో అత్తయ్య పోయింది. కబురు తెలిసి నేను రాజమండ్రి నుంచి వెళ్లేసరికి అమ్మ అప్పటికే అక్కడుంది. శవం పక్కన కూర్చుని, తన తల్లి పోయినప్పుడు కూడా అంత ఏడవలేదనిపించేలా ఏడ్చింది. ఆవిడ తనకు జడ వేసిన సంగతీ, మాడిన గిన్నె తోమిన సంగతీ చెబుతూ, వచ్చినవాళ్లందరినీ ఏడిపించింది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు అమ్మ భుజం మీద చేతులు వేసి ఓదారుస్తున్నారు. అత్తయ్య కూతురు, ఆ రోజు పీటల మీద పతకంతో కూర్చున్న పెళ్లికూతురు, తల్లి కాళ్ల దగ్గర ఉంది. అమ్మ ముక్కు చీది, ఆ పిల్ల వింటుండగానే అంది.

"బంగారంలాంటి మనిషండీ మా వదినగారు. ఆ ఒక్క పనీ తప్పిస్తే."